మొదటి స్ప్రింట్‌ను నడపడం ఎలా? చిన్న సాఫ్ట్‌వేర్ బృందాలకు అజైల్ పరిచయం

అనంతపురం, కడప, కర్నూలు పట్టణాలలో నలుగురైదుగురు కలిసి సాఫ్ట్‌వేర్ పని చేస్తున్న బృందాల నుంచి నాకు పదే పదే ఒకే ప్రశ్న వస్తోంది: "బెంగళూరులో అందరూ అజైల్ అంటున్నారు, మావంటి చిన్న బృందం మొట్టమొదట ఏం చేయాలి?" ఒక్కొక్కరికి విడిగా జవాబు చెప్పే బదులు, రెండు వారాల మొదటి స్ప్రింట్‌ను (నిర్ణీత గడువులో కొంత పనిని పూర్తి చేసి చూపించే విడతను) మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా నడిపే తీరును ఇక్కడ వరుసగా రాస్తున్నాను. స్ప్రింట్ జరిగినన్నాళ్లూ దీన్ని దగ్గర పెట్టుకొని, ఏ రోజు పని ఆ రోజు చూసుకోండి.

సిద్ధాంతం కొంచెమే చెబుతాను. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో స్నోబర్డ్ అనే చోట 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు సమావేశమై, 4 విలువలతో ఒక ప్రకటన రాశారు. పనిని చిన్న విడతలుగా చేసి, ప్రతిసారీ వాడుకరికి చూపించి సరిదిద్దుకునే తీరుకు అజైల్ అనే పేరు అక్కడ స్థిరపడింది. అంతకు ముందే, 1995లో, కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ స్క్రమ్ అనే పద్ధతిని బహిరంగంగా వివరించారు. ఇక్కడ నేను చెప్పేది ప్రధానంగా ఆ స్క్రమ్ పద్ధతే. దాని అధికారిక నియమావళి 2020లో సవరించబడింది. దీని సారాంశం మన జిల్లాల వేరుశనగ రైతుకు కొత్తది కాదు. కాయ భూమిలో ఊరుతుంది కాబట్టి పైన ఆకును చూసి పంట ముదిరిందో లేదో చెప్పలేము. అందుకే రైతు కోతకు ముందు చేనులో అక్కడక్కడ చెట్టు పీకి, కాయ ఒలిచి, తొక్క లోపలి వైపు నల్లబడిందా లేదా అని చూస్తాడు. సాఫ్ట్‌వేర్ కూడా ఆరు నెలలు కంటికి కనిపించకుండా పెరిగే పంటే. రెండు వారాలకు ఒకసారి చెట్టు పీకి చూడడానికి వీలుగా పనిని అమర్చుకోవడమే మీరు నేర్చుకోవలసినది.

కావలసినవి

• ముగ్గురి నుంచి తొమ్మిది మంది దాకా ఉన్న బృందం. పది మంది మించితే రెండు బృందాలుగా విడిపోండి.
• ఏ పని ముందు, ఏ పని వెనుక అని తేల్చే ఒక్క వ్యక్తి. ఇతడు లేదా ఈమె ప్రొడక్ట్ ఓనర్.
• పద్ధతి సక్రమంగా సాగేలా చూసి, అడ్డంకులను తొలగించే వ్యక్తి, అంటే స్క్రమ్ మాస్టర్. చిన్న బృందంలో డెవలపర్లలో ఒకరే ఈ బాధ్యత కూడా తీసుకోవచ్చు.
• రెండు వారాలకు ఒక గంట మీకు ఇవ్వగల నిజమైన వాడుకరి. దీన్ని తేలికగా తీసుకోకండి. ఇది లేకపోతే మిగిలినవన్నీ ఉన్నా ప్రయోజనం లేదు.
• ఒక ఖాళీ గోడ, రంగు చీటీలు, స్కెచ్ పెన్నులు. సభ్యులు వేర్వేరు ఊళ్లలో ఉంటే ట్రెల్లో, జిరా వంటి సాధనం గాని, అందరూ తెరవగల గూగుల్ షీటు గాని సరిపోతుంది.
• తాజా కోడును ఎవరైనా తమ ఫోనులో తెరిచి చూడగల టెస్ట్ సర్వర్.
• గోడకు తగిలించే తెలుగు క్యాలెండరు. దీని అవసరం 5వ మెట్టులో తెలుస్తుంది.

ఇక మెట్లు

1. నిర్ణయం ఎవరిదో ముందే తేల్చుకోండి.

చిన్న కంపెనీలలో యజమాని ఒక మాట, ఆయన భాగస్వామి ఒక మాట, క్లయింటు ఫోను చేసి మరొక మాట చెప్పడం సాధారణం. ముగ్గురి మాటనూ వినండి, కానీ వరుసను నిర్ణయించే అధికారం ప్రొడక్ట్ ఓనర్ ఒక్కరికే ఉందని మొదటి రోజే అందరి ఎదుట ప్రకటించండి. హెచ్చరిక: యజమానే స్క్రమ్ మాస్టరుగా కూర్చుంటే రోజువారీ సమావేశం హాజరు పట్టీగా మారిపోతుంది, ఎవరూ తమ ఇబ్బందిని బయటపెట్టరు. ఆయనను ప్రొడక్ట్ ఓనరుగా ఉంచి, పద్ధతిని నడిపే పని మరొకరికి అప్పగించండి.

2. పనుల జాబితాను వాడుకరి మాటల్లో రాయండి.

ఈ జాబితానే ప్రొడక్ట్ బ్యాక్‌లాగ్ అంటారు. ఉదాహరణకు, అనంతపురంలో చీనీ (బత్తాయి) కాయల మండీ నడిపే ఒక కమీషన్ ఏజెంటుకు మీరు సాఫ్ట్‌వేర్ చేస్తున్నారనుకోండి. "డేటాబేస్ టేబుళ్లు తయారు చేయాలి", "లాగిన్ పేజీ డిజైన్ చేయాలి" అని రాయడం మొదటిసారి దాదాపు అందరూ చేసే పొరపాటు. టేబుళ్లను చూసి ఏజెంటు ఏమీ చెప్పలేడు. దాని బదులు ఇలా రాయండి: "మండీ గుమాస్తాగా నేను రైతు పేరు, బండి నంబరు, తూకం, టన్ను ధర నమోదు చేయగానే తక్‌పట్టీ (రైతుకు ఇచ్చే తూకం, ధరల లెక్క చీటీ) ప్రింటు కావాలి, ఎందుకంటే రైతు చీటీ చేతికి వచ్చేదాకా అక్కడే నిలబడి ఉంటాడు." ఎవరికి, ఏమి, ఎందుకు అన్న మూడూ ఇందులో ఉన్నాయి.

ఒక్కో పనిని ఒక్కో రంగు చీటీ మీద రాయండి. ఒక చీటీలోని పని మూడు రోజులకు మించేటట్లు ఉంటే దాన్ని చిన్న ముక్కలు చేయండి. పై పనినే "ఒక రైతుకు ఒక లాట్ (ఒకేసారి అమ్మే సరుకు), కమీషన్ లెక్క లేకుండా", "ఒక రైతుకు అనేక లాట్లు", "కమీషన్, హమాలీ మినహాయింపులతో" అని మూడు చేయవచ్చు. ప్రతి ముక్కా తెర మీద మొదలై డేటాబేస్ దాకా వెళ్లి, తిరిగి కాగితం మీదికి రావాలి. జాబితా మొత్తం ముందే పూర్తి కానక్కర లేదు. మొదటి రెండు స్ప్రింట్లకు సరిపడినవి స్పష్టంగా ఉంటే చాలు, తరువాతి వాటికి ఒక్క వాక్యం సరిపోతుంది.

3. "అయిపోయింది" అంటే ఏమిటో రాసి గోడకు అంటించండి.

ఈ మెట్టు మీద నేను ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే విఫలమైన బృందాలలో నేను చూసిన తగాదాలలో ఎక్కువ భాగం ఈ ఒక్క మాట దగ్గరే పుట్టాయి. "ఆ పని ఏమైంది?" అని అడిగితే, "అయిపోయిందన్నా, టెస్టింగ్ ఒక్కటే ఉంది" అని జవాబు వస్తుంది. మరొకరు "అయిపోయింది, నా ల్యాప్‌టాప్‌లో ఆడుతోంది, సర్వర్‌లో పెట్టాల" అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఇద్దరి దృష్టిలో ఆ మాటకు అర్థం వేరు, అంతే. కానీ ప్రొడక్ట్ ఓనర్ ఆ మాటను నమ్మి క్లయింటుకు తేదీ చెబుతాడు, ఆ తేదీ నాటికి మిగిలిన "ఒక్కటి" నాలుగు రోజులు తింటుంది.

మీ బృందమంతా కూర్చొని ఒక చిన్న జాబితా తయారుచేసుకోండి. మొదటి స్ప్రింట్‌కు ఇంత చాలు: కోడు గిట్‌లో (బృందమంతా కోడును ఉమ్మడిగా దాచుకునే చోట) చేరింది, రాసిన వ్యక్తి కాక మరొకరు చదివారు, టెస్ట్ సర్వర్‌లో పెట్టారు, తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోనులో, మొబైల్ డేటా మీద తెరిచి చూశారు, తెలుగు పేర్లు, ఒత్తులతో సహా, తెర మీదా ప్రింటులోనూ సరిగా వచ్చాయి, ప్రొడక్ట్ ఓనర్ స్వయంగా వాడి చూసి సరేనన్నారు. ఈ ఆరింటిలో ఒక్కటి తగ్గినా ఆ చీటీ "అయిపోయినవి" గడిలోకి వెళ్లకూడదు. 90 శాతం అయింది అన్న లెక్క ఈ పద్ధతిలో లేదు. అయింది, లేదా కాలేదు. మొదట్లో ఇది కఠినంగా తోచినా, ఒక్క స్ప్రింట్‌లో కూడా సడలించకండి.

ఎలా పరీక్షించుకోవాలి: బృందంలో ముగ్గురిని వేర్వేరుగా పిలిచి, ఒకే చీటీ చూపించి, ఇది అయిందా అని అడగండి. ముగ్గురి జవాబు ఒకటే అయితే మీ నిర్వచనం పనిచేస్తోంది. తేడా వస్తే, ఆ తేడా ఎక్కడ వచ్చిందో అదే మీ జాబితాలో చేర్చవలసిన తరువాతి వాక్యం.

4. పని పరిమాణాన్ని అంచనా వేయండి, గంటలను కాదు.

అందరికీ బాగా తెలిసిన ఒక చిన్న పనిని తీసుకొని దానికి 2 పాయింట్లు అనుకోండి. మిగిలిన వాటిని దానితో పోల్చి 1, 2, 3, 5, 8, 13 అనే అంకెలలో ఒకటి ఇవ్వండి. ప్రతి ఒక్కరూ తమ అంకెను కాగితం మీద రాసుకొని, ఒక్కసారిగా తిప్పి చూపించాలి. సీనియర్ ముందుగా "మూడు" అన్నాక, పక్కనున్న జూనియర్ తన మనసులోని "ఎనిమిది"ని మింగేస్తాడు కాబట్టి ఈ జాగ్రత్త అవసరం. అంకెలు దూరంగా ఉంటే అన్నిటికంటే ఎక్కువ చెప్పినవారిని, తక్కువ చెప్పినవారిని కారణం అడగండి. తరచుగా ఒకరికి తెలిసిన చిక్కు మరొకరికి తెలియదని అప్పుడే బయటపడుతుంది. 13 వచ్చిన పనిని స్ప్రింట్‌లోకి తీసుకోకుండా ముక్కలు చేయండి.

హెచ్చరిక: పాయింట్లతో ఎవరి జీతాన్ని, ఎవరి ప్రతిభను కొలవకండి. కొలవడం మొదలుపెట్టిన మరుసటి స్ప్రింట్‌కే 3 పాయింట్ల పని 8 అవుతుంది, అంకెలకు అర్థం పోతుంది. పాయింట్లు మీకు తికమకగా ఉంటే చిన్నది, మధ్యస్థం, పెద్దది అని మూడు గుంపులు చేసినా సరిపోతుంది.

5. స్ప్రింట్‌లో ఎంత పని పడుతుందో లెక్కించి, లక్ష్యాన్ని ఒక వాక్యంలో రాయండి.

నియమం ప్రకారం స్ప్రింట్ ఒక నెలకు మించకూడదు. కొత్త బృందానికి రెండు వారాలు అనువైనవి. సోమవారం కాక బుధవారం మొదలుపెట్టి, రెండు వారాల తరువాత మంగళవారం ముగించండి. శని, ఆదివారాలకు సొంత ఊళ్లకు వెళ్లినవారు సోమవారం మధ్యాహ్నానికి గాని కుదురుకోరు. శుక్రవారం సాయంత్రం సర్వర్‌లో పెట్టిన కోడు ఆదివారం నాడు ఆగిపోతే పట్టించుకునేవారు ఉండరు.

ఇప్పుడు క్యాలెండరు తీయండి. ఐదుగురు, పది పని దినాలు అంటే 50 రోజుల పని. మధ్యలో ఉగాది వస్తే 5 పోయి 45 మిగులుతాయి. ఒకరు అక్క పెళ్లికి మూడు రోజులు సెలవు అడిగారు, 42. రంజాన్ మాసమైతే ఉపవాసం ఉండే సహోద్యోగి సాయంత్రం ముందుగా వెళ్లాలి. కడపలో పెద్ద దర్గా ఉరుసు రోజుల్లో పని మామూలుగా సాగదు. వీటిని ముందే లెక్కలో వేసుకోవడం మర్యాద కూడా. మొదటి స్ప్రింట్‌కు, మిగిలిన 42లో 60 శాతానికి, అంటే సుమారు 25 రోజులకు మాత్రమే పని తీసుకోండి. మిగిలింది పాత క్లయింట్ల ఫోన్లకు, సమావేశాలకు, కరెంటు కోతకు, ఊహించని చిక్కులకు ఎలాగూ ఖర్చవుతుంది.

లక్ష్యం ఒకే వాక్యంగా ఉండాలి: "ఈ స్ప్రింట్ చివరికి గుమాస్తా ఒక రైతుకు తక్‌పట్టీని సరిగ్గా ప్రింటు చేసి ఇవ్వగలగాలి." ఎన్నుకున్న చీటీలలో ఎక్కువ భాగం ఈ వాక్యానికి పనికిరావాలి. నెల రోజుల స్ప్రింట్‌కు ఈ ప్రణాళిక సమావేశం 8 గంటలు మించకూడదన్నది నియమం. రెండు వారాలకు 4 గంటలు చాలు, తరచుగా రెండు గంటల్లోనే ముగుస్తుంది.

6. గోడ మీద నాలుగు గడులు గీయండి.

చేయవలసినవి, జరుగుతున్నవి, పరీక్షలో ఉన్నవి, అయిపోయినవి. ఐదుగురి బృందానికి "జరుగుతున్నవి" గడిలో మూడు చీటీలకు మించి ఉండకూడదని పైన రాయండి. ఈ పరిమితి టయోటా కార్ల కర్మాగారాలలో పుట్టిన కాన్‌బాన్ అనే పని పద్ధతి నుంచి వచ్చింది. మూడూ నిండినప్పుడు ఖాళీగా ఉన్నవారు కొత్త చీటీ ఎత్తకుండా, నడుస్తున్న దానికి చెయ్యి వేయాలి, లేదా పరీక్షించాలి. ఎనిమిది పనులు సగం సగం కావడం కంటే మూడు పనులు పూర్తి కావడం మేలు.

7. ప్రతి రోజూ ఒకే సమయానికి 15 నిమిషాలు కలవండి.

గోడ ముందు నిలబడి, కుడి వైపు గడి నుంచి ఎడమకు రండి. అంటే, ముగింపుకు దగ్గరగా ఉన్న చీటీ గురించి మొదట మాట్లాడండి. నిన్న ఏం చేశాను, ఈ రోజు ఏం చేస్తాను, ఏం అడ్డం వచ్చింది అన్న మూడు ప్రశ్నలు చాలామందికి అలవాటు. 2020 నియమావళి వాటిని తప్పనిసరి చేయలేదు. సమస్యను అక్కడే పరిష్కరించడానికి పూనుకోకండి. సంబంధించిన ఇద్దరు తరువాత కూర్చుంటారు. అందరూ ఒక్కరి ముఖమే చూస్తూ అప్పగింత చెబుతున్నట్లు మాట్లాడుతుంటే సమావేశం దారి తప్పిందని గుర్తించి, ఆ వ్యక్తిని రెండు రోజులు రావద్దని వినయంగా కోరండి.

8. మధ్యలో కొత్త పని వస్తే.

తప్పకుండా వస్తుంది. క్లయింటుకు "కుదరదు" అని చెప్పకండి, "సరే సార్, రేపే చేస్తాం" అని కూడా చెప్పకండి. కోరికను చీటీగా రాసి బ్యాక్‌లాగ్‌లో పెట్టి, తరువాతి స్ప్రింట్ ఎప్పుడు మొదలవుతుందో తేదీతో చెప్పండి. నిజంగా ఆగలేనిదైతే, అదే పరిమాణం గల మరొక చీటీని బయటకు తీయించండి. ఏది తీయాలో ప్రొడక్ట్ ఓనర్ బృందంతో మాట్లాడి తేలుస్తారు. వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఆగిపోతే మాత్రం లెక్కలన్నీ పక్కన పెట్టి, ముందు దాన్ని నిలబెట్టండి.

9. చివరి రోజు నిజమైన వాడుకరి చేతికి ఇవ్వండి.

ఇక్కడ మా అనుభవం చెప్పాలి. ఈ పద్ధతి తెలియని రోజుల్లో మేము ఒక చీనీ మండీకి నాలుగు నెలలు కష్టపడి ప్రోగ్రాం తయారుచేశాము. యజమాని చెప్పినదంతా రాసుకున్నాము, గుమాస్తాను మాత్రం ఎన్నడూ అడగలేదు. తీసుకెళ్లి చూపించిన రోజు ఆయన తూకం గడిలో అంకె వేయబోయి చెయ్యి ఆపి, "సూటు ఎక్కడ వేయాల సార్?" అని అడిగాడు. తూకంలో కొంత భాగాన్ని సూటు పేరిట తీసివేసే వాడుక ఒకటుందని, దాని మీద రైతులకు ఎంతో అభ్యంతరం ఉందని మాకు అప్పటిదాకా తెలియదు. మా ప్రోగ్రాంలో తూకం అంటే ఒకే అంకె. రిపోర్టులన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి. మొత్తం తిరగరాయడానికి మరో నెలన్నర పట్టింది. అసలు తూకం, తీసివేసినది, మిగిలినది మూడూ తక్‌పట్టీ మీద విడివిడిగా రైతుకు కనిపించేటట్లు చేశాము. ఆ ప్రశ్న రెండో వారంలోనే వచ్చి ఉంటే ఒక్క గడిని చేర్చడంతో పోయేది.

కాబట్టి రివ్యూలో, అంటే చివరి రోజు వాడుకరికి పనిని చూపించే ఈ సమావేశంలో, స్లైడ్లు చూపించకండి. ఫోను గాని కంప్యూటర్ గాని వాడుకరికి ఇచ్చి, "నిన్న జరిగిన ఒక లాట్ ఇందులో వేయండి" అని మాత్రం చెప్పి, నోరు మూసుకొని గమనించండి. ఆయన చెయ్యి ఎక్కడ ఆగిందో, ఏ మాట అడిగారో రాసుకోండి. "అక్కడ కాదు, ఇక్కడ నొక్కండి" అని మీరు చెప్పవలసి వస్తే అది మీ తెరలోని లోపం. వాడుకరి రాలేకపోతే మీరే మండీకి వెళ్లండి. అయిపోని చీటీలను చూపించవద్దు. అవి బ్యాక్‌లాగ్‌లోకి తిరిగి వెళతాయి.

10. అదే రోజు గంటసేపు మీ పనితీరు గురించి మాట్లాడుకోండి.

దీన్ని రెట్రో అంటారు. ఏది బాగా జరిగింది, ఏది ఇబ్బంది పెట్టింది అని ప్రతి ఒక్కరూ ముందు చీటీల మీద రాసి, తరువాత చదవాలి. ఎవరి పేరూ ఎత్తకుండా పనిని గురించే మాట్లాడండి. పది మార్పులు అనుకోకుండా ఒకే ఒక మార్పును ఎంచుకొని, దాన్ని తరువాతి స్ప్రింట్ గోడ మీద మొదటి చీటీగా పెట్టండి. పని ఎక్కువైందని ఈ సమావేశాన్ని రద్దు చేయడం నేను ఎక్కువగా చూసే తప్పు.

సరిగ్గా సాగుతోందా అని చూసుకోవడం

ఒక స్ప్రింట్‌తో ఏమీ తేలదు. మూడు పూర్తి చేసి చూడండి. చీటీలు రెండు వారాలూ కదలకుండా ఉండి చివరి రెండు రోజుల్లో గుంపుగా కుడి వైపుకు వెళుతుంటే, మీ చీటీలు పెద్దవిగా ఉన్నాయని, లేదా పరీక్షించేవారు ఒక్కరే ఉన్నారని అర్థం. రివ్యూ తరువాత బ్యాక్‌లాగ్‌లో ఒక్క మార్పు కూడా రాకపోతే, మీరు చూపించినది వాడుకరికి కాదు, ఆయన తరఫున తల ఊపే మరెవరికో. రోజువారీ సమావేశంలో వారం పాటు ఎవరికీ ఏ అడ్డంకీ లేకపోతే సంతోషించకండి. చెప్పడానికి జంకుతున్నారేమో విడిగా అడగండి.

అందరికీ ఈ పద్ధతే సరిపోదు. రోజంతా క్లయింట్ల ఫిర్యాదులు సరిచేసే సపోర్ట్ బృందానికి రెండు వారాల ప్రణాళిక నిలవదు. వారు స్ప్రింట్లను వదిలేసి, 6వ మెట్టులోని గోడను, పరిమితిని మాత్రం పాటిస్తే మంచిది. ఇద్దరే ఉన్న బృందానికి రోజువారీ సమావేశం పేరుతో ప్రత్యేక ఏర్పాటు అక్కర లేదు, కానీ 3, 9 మెట్లను వదలకూడదు. ధర, తేదీ ముందే రాసి ఇచ్చిన ఒప్పందాలలో ఆ రెండూ కదలవు కాబట్టి, ఏ సౌకర్యాలు తప్పనిసరి, ఏవి తరువాత చేర్చవచ్చు అన్న విభజనను సంతకాలకు ముందే క్లయింటుతో కూర్చొని రాయించుకోండి. తప్పనిసరి వాటిని మొదటి స్ప్రింట్లలో ముగించండి.

చివరగా, "అంతా ఎప్పటికి పూర్తవుతుంది?" అని అడిగే క్లయింటుకు ఏం చెప్పాలన్నది మీలో చాలామంది ప్రశ్న. మూడు స్ప్రింట్లలో మీరు పూర్తి చేసిన పాయింట్లు 14, 19, 16 అనుకోండి. బ్యాక్‌లాగ్‌లో ఇంకా 98 ఉన్నాయి. 19 చొప్పున వేసుకుంటే 6 స్ప్రింట్లు, 14 చొప్పున 7 స్ప్రింట్లు, అంటే 12 నుంచి 14 వారాలు. ఒకే తేదీ చెప్పకుండా ఈ రెండింటినీ చెప్పండి. "అయిపోయినవి" గడిలోకి చేరని పనికి సగం పాయింట్లు కలుపుకోకండి, కలుపుకుంటే ఈ లెక్క మొత్తం తప్పుతుంది. ప్రతి స్ప్రింట్ ముగిసిన సాయంత్రం లెక్కను మళ్లీ వేసి, వారాలు పెరిగినా తగ్గినా ఆ రోజే క్లయింటుకు ఫోను చేసి చెప్పండి.